దగ్గరివాళ్లు వ్యాపారంలో డబ్బు పెట్టమంటే: ఎంత ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి, ఎక్కడ ఆగాలి

"అన్నా, మా బావమరిది గానుగ నూనె షాపు పెడుతున్నాడు. ఐదు లక్షలు అడుగుతున్నాడు. ఇయ్యొచ్చా?"

ఈ ప్రశ్న నెలకు రెండు మూడు సార్లయినా వస్తుంది. ఒకసారి బావమరిది బదులు హాస్టల్లో రూమ్మేటు ఉంటాడు, గానుగ బదులు కొర్రల బిస్కెట్లో, డ్రోన్‌తో మందు కొట్టే సర్వీసో ఉంటుంది. ఇమ్మనో వద్దనో నేను చెప్పలేను. మనిషిని చూడకుండా, లెక్క చూడకుండా చెప్పేవాణ్ని మీరు నమ్మొద్దు కూడా. డబ్బు పోయినా ఇల్లు కదలకుండా ఎలా పెట్టాలో, దారి మార్చాల్సి వస్తే చేతిలో ఇంకొంచెం మిగిలేలా ఎలా పెట్టాలో మాత్రం చెప్పగలను. వ్యాపారం పెట్టేది మీరే అయితే ఇవే మెట్లు అటువైపు నుంచి చదువుకోండి.

నేను అనంతపురంలో ఉంటాను. ఇప్పటికి ఆరు చోట్ల చిన్న మొత్తాలు పెట్టాను. రెండు చోట్ల పూర్తిగా పోయింది, మూడు చోట్ల అసలు మాత్రం తిరిగొచ్చింది, ఒక్కటే బాగా కలిసొచ్చింది. కింద రాసినవాటిలో సగం ఆ పోయిన రెండింటి దగ్గర నేర్చుకున్నవే.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీ ఇంటి ఆరు నెలల ఖర్చు లెక్క. ఈఎంఐలు, స్కూలు ఫీజులు, చీటీ వాయిదాలు అన్నీ కలిపి.
- వ్యాపారం చేసే మనిషి ఏడాది బ్యాంకు స్టేట్‌మెంటు, పాత అప్పులు ఎలా కట్టాడో చూపే సిబిల్ రిపోర్టు. రిపోర్టు ఏడాదికి ఒకసారి ఉచితంగా వస్తుంది, ఆయన్నే తీయమనండి.
- ఇప్పటికే నడుస్తున్న వ్యాపారమైతే జీఎస్టీ నంబరు, ఉద్యమ్ నంబరు (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే రిజిస్ట్రేషన్).
- ఒక నోటుబుక్కు. అందులో రాసిన ప్రతి పేజీ కింద ఇద్దరి సంతకాలూ ఉండాలి.
- మీ ఇంట్లోవాళ్ల ఒప్పుదల. దాచిపెట్టి ఇచ్చిన డబ్బును అడిగి వసూలు చేసుకోవడం కూడా కష్టమే.

స్టేట్‌మెంటు అడిగితే "నా మీద నమ్మకం లేదా?" అని మొహం మాడ్చుకుంటే, అది కూడా ఒక సమాధానమే. రాసిపెట్టుకోండి.

1. ఎంత పోతే తట్టుకోగలరో ముందే తేల్చండి

చాలామంది ఎంత వస్తుందో లెక్క వేసుకుంటారు. మీరు ఎంత పోవచ్చో లెక్క వేయండి. ఆరితేరిన వ్యాపారులు కొత్త పనిలో దిగేటప్పుడు రాబోయే లాభం కన్నా భరించగలిగే నష్టాన్నే ముందు చూసుకుంటారని సరస్ సరస్వతి అనే పరిశోధకురాలు 2001లోనే రాశారు. ఇంతకు మించి సిద్ధాంతం మనకు అక్కర్లేదు.

ఒక ఉదాహరణ. మీ దగ్గర 12 లక్షలు ఉన్నాయనుకుందాం. ఆరు నెలల ఇంటి ఖర్చు 2 లక్షల 40 వేలు పక్కన పెట్టండి. వచ్చే ఏడాది అమ్మాయి ఫీజు, అమ్మ కంటి ఆపరేషన్ కలిపి 2 లక్షల 60 వేలు. ఇంక మిగిలింది 7 లక్షలు. అందులో ఐదో వంతు, అంటే 1 లక్షా 40 వేలు. కొత్త వ్యాపారాల్లో మీరు పెట్టగలిగేది అంతే. ఐదు లక్షలు అడిగినా అంతే, పది అడిగినా అంతే.

"ఐదడిగితే లక్షా నలభై ఇస్తావా, ఏం బాగుంటుంది?" అని ఇంట్లో అంటారు. అననివ్వండి. మిగతాదానికి బ్యాంకు దగ్గరికి పొమ్మనండి. ముద్రా రుణాల్లో తరుణ్ అనే రకం కింద 10 లక్షల దాకా వస్తుంది. అది తీసుకుని సరిగా కట్టినవాళ్లకు 2024 నుంచి తరుణ్ ప్లస్ కింద 20 లక్షల దాకా ఇస్తున్నారు. తయారీ యూనిట్ అయితే పీఎంఈజీపీ అనే కేంద్ర పథకంలో సబ్సిడీ వస్తుందేమో కూడా కనుక్కోమనండి. బ్యాంకు కాదంటే ఎందుకు కాదందో కనుక్కోండి. ఒక్కోసారి మేనేజర్ చెప్పిన కారణం ఒక్కటే మీ నిర్ణయానికి సరిపోతుంది.

హెచ్చరిక: అప్పు తెచ్చి పెట్టొద్దు. రెండు రూపాయల వడ్డీ అంటే వినడానికి చిన్నదిగానే ఉంటుంది, కానీ ఏడాదికి నూటికి 24. మొదటి ఏడాదే అంత కట్టి పైన మిగిల్చే చిన్న వ్యాపారాన్ని నేనింకా చూడలేదు. ఎక్కువకు పాడి చీటీ ఎత్తి పెట్టడం కూడా అప్పు కిందే లెక్క.

సరిచూసుకోవడం ఎలా: ఆ మొత్తాన్ని ఒక నెల పాటు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసి, పోయిందని అనుకుని బతకండి. ఆ నెల టెన్షన్ పడితే మొత్తం తగ్గించండి.

2. అప్పా, వాటానా? ఒకటే చెప్పండి

మన ఊళ్లలో గొడవల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. ఇచ్చేటప్పుడు "చూద్దాంలే మామా, లాభమొస్తే నీకూ ఇస్తాను" అంటారు. లాభమొస్తే అది అప్పంటాడు, అసలు ఇచ్చేస్తాడు. నష్టమొస్తే అది వాటా అంటాడు, నీదీ పోయిందంటాడు.

అప్పయితే ప్రోనోటు రాయించుకోండి. రెవెన్యూ స్టాంపు మీద సంతకం, తేదీ, వడ్డీ రేటు ఉండాలి. ప్రోనోటుకు గడువు మూడేళ్లు. ఆ లోపు కొంత కట్టినప్పుడల్లా వెనక ఆయన చేతే చెల్లు రాయించి సంతకం పెట్టించుకుంటే ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు వస్తుంది. 20 వేలు, ఆపైన అప్పు నగదుగా ఇవ్వొద్దు. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం తీసుకున్నవాడికి అంత మొత్తం జరిమానా పడే ప్రమాదం ఉంది. బ్యాంకు నుంచి బ్యాంకుకే పంపండి.

వాటా అయితే ఏ రూపంలో అన్నది చూడండి. మామూలు పార్ట్‌నర్‌షిప్‌లో పేరు వేయించుకుంటే వ్యాపారం చేసిన అప్పులకు మీ ఇల్లు కూడా బాధ్యతే. 1932 నాటి చట్టం అలాగే ఉంది. మీరు పెట్టింది లక్షే అయినా, ఆయన సరుకు అప్పు పది లక్షలు చేస్తే అప్పులవాళ్లు మీ గుమ్మం ముందుకు రావొచ్చు. ఎల్‌ఎల్‌పీ గానీ ప్రైవేట్ లిమిటెడ్ గానీ అయితే పెట్టినంత వరకే పోతుంది, ఎక్కడా హామీ సంతకం పెట్టనంత కాలం. ఏడాదికి ఆడిటరు ఖర్చు కొంత ఉంటుంది. రెండు లక్షల వ్యాపారానికి అది బరువే. అందుకే చిన్న మొత్తమైతే అప్పుగానే ఇవ్వమని నా సలహా. వాటా మీద మోజు ఉంటే, రెండో ఏడాది లెక్కలు చూశాక మార్చుకోవచ్చని నోటుబుక్కులో రాసుకోండి.

"నెలకు ఇంత ఖాయం" అంటూ పదిమంది దగ్గర వసూలు చేసే పథకమైతే ఈ మెట్లేవీ అక్కర్లేదు, అక్కడే లేచి రండి. అలా అనుమతి లేకుండా డిపాజిట్లు సేకరించడాన్ని 2019 చట్టం నిషేధించింది.

3. ఒక్క లీటరు లెక్క తేల్చండి

ప్రాజెక్టు రిపోర్టు చూడొద్దు. ఆడిటరు రాసిన రిపోర్టుల్లో నష్టం వచ్చిన వ్యాపారం నాకింతవరకు తగల్లేదు. ఒక్క లీటరు, ఒక్క ప్యాకెట్టు, ఒక్క ఎకరా, ఏది అమ్మితే దాని లెక్క ఆయన ముందే కూర్చుని రాయండి. గానుగ నూనెకు ఇలా ఉంటుంది. ధరలు లెక్క కోసం వేసినవి, మీ ఊరి ధరలు మీరు వేసుకోండి.

చెనక్కాయ పప్పు 100 కిలోలు, కిలో 110 చొప్పున 11,000.
ఆడించే కూలి, కరెంటు 800.
సీసాలు, లేబుళ్లు 500.
మొత్తం 12,300.
చెక్క (నూనె తీశాక మిగిలే పిప్పి) 58 కిలోలు, కిలో 35కు అమ్మితే 2,030 వెనక్కి.
నికర ఖర్చు 10,270.

నూనె 38 కిలోలు వచ్చిందనుకుందాం. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. కిలోలూ లీటర్లూ ఒకటి కావు. లీటరు చెనక్కాయ నూనె దాదాపు 910 గ్రాములే తూగుతుంది. కాబట్టి 38 కిలోలంటే సుమారు 41.8 లీటర్లు. లీటరుకు ఖర్చు 246. మూడు వందలకు అమ్మితే లీటరుకు 54 మిగులుతుంది.

షాపు అద్దె, ఒక కుర్రాడి జీతం, మిషన్ ఈఎంఐ కలిపి నెలకు 45,000 అనుకోండి. 45,000ను 54తో భాగిస్తే నెలకు 833 లీటర్లు. ఇల్లొక్కటికి మూడున్నర లీటర్లు వాడితే దాదాపు 240 ఇళ్లు. ఇంకా ఆయనకు జీతం రాలేదు, మీకు వడ్డీ రాలేదు.

ఇప్పుడు ఆయన్ను అడగండి: "నూనె కొనే 240 ఇళ్లు ఎక్కడున్నాయి? మొదటి ఇరవై పేర్లు చెప్పు." పేర్లు చెప్పగలిగితే ముందుకు పోండి. "క్వాలిటీ ఉంటే జనమే వస్తారన్నా" అంటే ఆగండి.

తర్వాత ఒక్క అంకె మార్చి చూడండి. పప్పు కిలోకు పది రూపాయలు పెరిగింది. లీటరు ఖర్చు 24 పెరిగి మిగులు 30కి పడిపోయింది. ఇప్పుడు నెలకు 1,500 లీటర్లు అమ్మాలి. పది రూపాయల తేడాకు అమ్మకం దాదాపు రెట్టింపు కావాలన్నమాట. చెనక్కాయ ధర ఏటా ఎలా ఊగుతుందో అనంతపురంవాళ్లకు నేను చెప్పాలా? ఈ పట్టిక రాయకుండా రిస్క్ తీసుకుంటున్నానంటే, అది కళ్లు మూసుకుని రోడ్డు దాటడమే.

ఇంకో పొరపాటు, ఫలానావాడు కోటీశ్వరుడయ్యాడు కాబట్టి మనమూ అవుతామనుకోవడం. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు పొలాల్లో జనం తల వంచుకుని వజ్రాల కోసం తిరుగుతారు కదా. దొరికినవాడి కథ పేపర్లో వస్తుంది. నెల రోజుల కూలి వదులుకుని ఉత్త చేతులతో బస్సెక్కినవాడి గురించి ఎవరూ రాయరు. మీవాడు పెట్టబోయే వ్యాపారమే పెట్టి మూసేసినవాళ్లను ఇద్దరిని వెతికి పట్టుకోండి. వాళ్లతో ఒక టీ తాగితే మీ ఆడిటరు చెప్పనివి వాళ్లు చెబుతారు.

4. రెండు రోజులు అక్కడే కూర్చోండి

నడుస్తున్న షాపయితే ఒక మామూలు రోజు, ఒక ఆదివారం పొద్దున్నుంచి రాత్రి దాకా ఒక మూల కూర్చుని, వచ్చినవాళ్లనూ కొన్నవాళ్లనూ అప్పు పెట్టినవాళ్లనూ గీతలు గీసి లెక్కపెట్టండి. ఆ లెక్కను బ్యాంకు స్టేట్‌మెంటుతో పోల్చండి. యూపీఐ వచ్చాక ఇది తేలికైంది. రోజుకు 8 వేల అమ్మకం అంటున్నవాడి ఖాతాలో రోజుకు 1,500 కూడా పడకపోతే, మిగతాదంతా నగదే అంటే నమ్మడం కష్టం. జీఎస్టీ నంబరు ఉంటే ఆ పోర్టల్‌లో ఎవరైనా వెతకొచ్చు, రిటర్నులు వేస్తున్నాడో లేదో కనిపిస్తుంది.

ఇంకా షాపే పెట్టకపోతే, పెట్టకముందే అమ్మించండి. మిషన్ కొనకుండా, వేరే గానుగలో ఆడించిన యాభై లీటర్లు తెచ్చి, సప్తగిరి సర్కిల్ దగ్గరో, కర్నూలయితే కొండారెడ్డి బురుజు దగ్గరో, కడపయితే ఏడు రోడ్ల దగ్గరో రెండు వారాలు అమ్మమనండి. దానికయ్యే పదిహేను వేలు మీరే ఇవ్వండి. పోతే పదిహేను వేలతో పోతుంది. బంధువులు కొన్నవి లెక్కలోకి తీసుకోకండి. మొహమాటానికి ఒకసారి ఎవరైనా కొంటారు.

5. విడతలుగా ఇవ్వండి

నాకు తగిలిన మొదటి దెబ్బ ఇది. గుంతకల్లు వైపు ఒక స్నేహితుడు వాటర్ ప్లాంట్ పెట్టాడు, ఇరవై లీటర్ల క్యాన్లు. నేను మూడు లక్షలు ఒకేసారి ఇచ్చాను, ఇంకో ఇద్దరూ అంతే. డబ్బంతా ఫిబ్రవరిలోనే మిషన్లకూ షెడ్డుకూ అయిపోయింది. ఏప్రిల్లో బోరు ఎండింది. ఇంకో బోరు వేయడానికో, ట్యాంకరు పెట్టుకోవడానికో చేతిలో పదివేలు కూడా లేవు. ఎండాకాలంలో నీళ్లమ్మే ప్లాంటు నీళ్లు లేక మూతపడింది. అనంతపురం జిల్లాలో పుట్టి పెరిగిన నలుగురం బోరు ఎండుతుందని అనుకోలేదు, అదీ విడ్డూరం. తప్పు ఆయనది ఒక్కడిదే కాదు. డబ్బంతా ఒకేసారి ఇచ్చి, మార్చుకునే అవకాశాన్ని మేమే తీసేశాం.

అందుకే ఇప్పుడు ఇలా చేస్తున్నాను:

- మొదటి విడత 25 శాతం. అమ్మి చూడటానికి, అద్దె మిషన్లకు, లైసెన్సులకు.
- రెండో విడత 35 శాతం. మొదటి నెలల్లో కొన్నవాళ్లలో కనీసం మూడో వంతు మళ్లీ వచ్చి కొంటేనే.
- మూడోది 40 శాతం. మూడు నెలలు వరుసగా అద్దె, కూలి, కరెంటు అమ్మకాల్లోంచే కట్టగలిగితేనే.

శాతాలు మీ ఇష్టం. ఆ "అయితేనే" మాత్రం రాతపూర్వకంగా ఉండాలి. మిషన్ ఖరీదు వల్ల విడతలు కుదరవంటే పాత మిషన్ చూడండి, అద్దెకు చూడండి. ఏదీ కుదరకపోతే మొత్తంలో మూడో వంతైనా మిషన్‌కు పోకుండా చేతిలో ఆపండి.

6. దారి మార్చే తేదీ ముందే రాసుకోండి

మన మెట్ట రైతుకు ఈ మెట్టు చెప్పనక్కర్లేదు. పదునైతే చెనక్కాయ వేస్తాడు, సాళ్ల మధ్య కంది వేస్తాడు. అదను దాటిపోతే చెనక్కాయ విత్తనాలు ఇంట్లో ఉన్నా భూమిలో పెట్టడు, ఉలవలు చల్లుతాడు. విత్తనాలకు డబ్బు పెట్టాను కాబట్టి వేసి తీరతానని ఏ రైతూ అనడు. షాపు పెట్టిన కొడుకే అంటాడు.

ఆరు నెలల తర్వాతి ఒక తేదీ నోటుబుక్కులో రాయండి. ఆ రోజు కూర్చుని ఇవి చూడండి:

కొత్తవాళ్లు వస్తున్నారు, మళ్లీ రావడం లేదా? సరుకులో లోపముంది, సరుకు మార్చండి.
వచ్చినవాళ్లు మళ్లీ మళ్లీ వస్తున్నారు, కొత్తవాళ్లు లేరా? అమ్మే చోటు, అమ్మే తీరు మార్చండి.
రెండూ బాగున్నాయి, డబ్బు మిగలడం లేదా? ధర, అప్పులు, వృథా చూడండి.
మూడూ లేవా? ఎనిమిదో మెట్టుకు వెళ్లండి.

నాకు కలిసొచ్చిన ఆ ఒక్కటీ రెండో రకం. కడపలో ఒక జంట కొర్రల మురుకులు చేసేవారు. నలభై షాపులకు ప్యాకెట్లు వేశారు. తిన్నవాళ్లు మళ్లీ అడుగుతున్నారు, కానీ షాపులవాళ్లు రెండు నెలలకు గానీ డబ్బివ్వరు, మెత్తబడినవి వెనక్కి ఇస్తారు. ఆరో నెలలో మేం ముగ్గురం కూర్చుని ఈ ప్రశ్నలే వేసుకున్నాం. సరుకు మార్చలేదు, పేరు మార్చలేదు. షాపులు వదిలేసి హాస్టళ్లకు వారం వారం డబ్బాల్లెక్కన వేయడం మొదలుపెట్టారు. డబ్బు శనివారానికల్లా వస్తుంది, ప్యాకింగ్ ఖర్చు సగం తగ్గింది. మూడో విడత చేతిలో ఉండబట్టే పెద్ద బాణళ్లు కొనగలిగారు.

ఒకసారికి ఒకటే మార్చండి, ఆరు వారాలు ఆగి చూడండి. ధర, రుచి, చోటు మూడూ ఒకేసారి మారిస్తే ఏది పని చేసిందో ఎవరికీ తెలియదు.

ఒక్క కొనుగోలుదారు మీదే ఆధారపడేలా మారకండి. 2019లో పెనుకొండ దగ్గర కియా కార్లు తయారవడం మొదలయ్యాక మా బంధువు ఒకాయన అక్కడి ఉద్యోగులనే నమ్ముకుని గదులు కట్టాడు. 2020 మార్చిలో లాక్‌డౌన్ రాగానే గదులన్నీ ఒకే వారంలో ఖాళీ అయ్యాయి. మురుకుల జంటకు కూడా అందుకే, ఏ హాస్టలూ మొత్తం అమ్మకంలో మూడో వంతు దాటకూడదని నియమం పెట్టాం.

7. నెలకొకసారి చూడాల్సినవి

ప్రతి నెలా ఐదో తేదీన అరగంట చాలు. లాభమెంత అని అడగొద్దు, చిన్న వ్యాపారంలో ఆ మాటకు ఎవరికి తోచిన అర్థం వాళ్లది. ఇవి అడగండి:

- ఈ రోజు బ్యాంకులో, గల్లాపెట్టెలో కలిపి ఎంతుంది?
- ఇలాగే ఖర్చయితే ఎన్ని నెలలు వస్తుంది?
- మనకు రావాల్సిన అప్పులెంత, అందులో రెండు నెలలు దాటినవెంత?
- మనం ఇవ్వాల్సిన సరుకు అప్పెంత?

రెండో ప్రశ్నకు జవాబు మూడు నెలలకన్నా తగ్గితే ఆ నెలే మార్పు గురించి మాట్లాడాలి, రాసుకున్న తేదీ దాకా ఆగక్కర్లేదు. అమ్మకం పెరుగుతూ చేతిలో డబ్బు తగ్గుతుంటే అప్పుల మీద అమ్ముతున్నాడని అర్థం. దసరా, దీపావళి నెలల్లో అంకెలు చూసి మురిసిపోకండి, పోయిన దసరాతో పోల్చండి.

రోజూ ఫోన్ చేసి అడగడం మాత్రం వద్దు. డబ్బు పెట్టిన మామ రోజూ షాపులో కూర్చుంటే పనిచేసే కుర్రాడు కూడా మానేస్తాడు.

8. బయటికి వచ్చేటప్పుడు

ఆపాలని తేలితే, చేతిలో ఇంకా డబ్బు ఉండగానే ఆపండి. ముందు కూలీల బాకీ, తర్వాత సరుకు ఇచ్చినవాళ్లు, తర్వాత అద్దె. మీరు చివర. ఈ వరుస మొదటి రోజే నోటుబుక్కులో ఉండాలి. మిషన్లు కొన్నప్పుడే బిల్లు ఎవరి పేరుమీద ఉందో చూసుకోండి, అమ్మేటప్పుడు అదే అడుగుతారు. షాపు మూసి తాళాలిచ్చేస్తే అయిపోదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ రద్దుకు దరఖాస్తు పెట్టించండి, లేకపోతే అమ్మకం లేకపోయినా రిటర్నులు వేయనందుకు ఆలస్య రుసుము పెరుగుతూ పోతుంది. కరెంటు డిపాజిట్, షాపు అడ్వాన్సు వెనక్కి తీసుకున్నారా, బ్యాంకులో వ్యాపారం పేరున్న కరెంట్ అకౌంట్ మూశారా చూడండి.

మీకు రావాల్సింది వచ్చాక ప్రోనోటు ఒరిజినల్ ఆయన చేతికి ఇచ్చి, వెనక చెల్లయినట్టు రాసి సంతకం పెట్టండి. కొంత వదులుకుంటుంటే ఆ మాటా అందులోనే రాయండి. వాటర్ ప్లాంట్ స్నేహితుడితో నేను ఆ పని నాలుగేళ్ల తర్వాత చేశాను. ఇప్పుడు పండక్కి వాళ్లింటికి వెళ్తే నీళ్లు అడిగి తాగుతాను, ఇద్దరం నవ్వుకుంటాం.